ముట్టునొప్పి మాట

మా తుళ్లూరు స్త్రీల కూడికలో ప్రార్థన అవసరతలు చెప్పమంటే మోకాళ్ల నొప్పులు, పిల్లల ఉద్యోగాలు అన్నీ వస్తాయి. ముట్టునొప్పి మాత్రం రాదు. పన్నెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీని గూర్చి మార్కు సువార్త 5వ అధ్యాయములో అందరి యెదుట చదువుకుంటాము. మన ఆడపిల్ల నొప్పిని చెవిలో చెప్పుకుంటాము.

2015లో రాజధానికి భూములిచ్చేవరకు ఇక్కడ మిరపకోతలు జోరుగా ఉండేవి. ఆ మూడు రోజులూ నడుము వంచి కోసేవాళ్లమే. కూలి పోతుందని ఎవరమూ నోరు విప్పేవాళ్లం కాదు.

గర్భసంచి ముడుచుకోవడానికి శరీరమే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారుచేస్తుంది. అవి ఎక్కువైతే నొప్పీ ఎక్కువే. వేడినీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పొత్తికడుపుకు కాపడం పెడితే చాలామందికి హాయి. అల్లం కషాయం కొందరికి పనిచేస్తుంది. నువ్వులు బెల్లం అమ్మమ్మలు పెట్టినవే, తినడానికి రుచి. అంతకుమించి మేము చెప్పము. ఆముదం రాసేటప్పుడు మాత్రం మిరపకాయలు కోసిన చేతులతో వద్దమ్మా! ఆ ఘాటు వట్టి నీళ్లకు పోదు. ముందు చేతులకు నూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడగాలి.

నొప్పి నెలనెలా పెరుగుతున్నా, పిల్ల బడి మానుతున్నా, రక్తం మరీ ఎక్కువగా పోతున్నా ప్రార్థన చేసి డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లండి. పెళ్లయితే అదే తగ్గుతుందని కూర్చోవద్దు. వచ్చే కూడికకు కూతుళ్లను కూడా వెంటబెట్టుకు రండి.