మోకాలు అరిగిందనే ముందు ఒకసారి పెడల్ చూడండి



మన ఊళ్లలో యాభై దాటిన మనిషి మోకాలు పట్టుకుంటే చాలు, అందరం ఒకే మాట అంటాం: "గుజ్జు అరిగింది". అరిగి ఉండొచ్చు, కాదనను. కానీ రోజూ సైకిల్ తొక్కే మనిషికి ఆ మాట చెప్పేముందు ఆ సైకిల్ అతని కాలికి కుదిరిందో లేదో కూడా చూడాలి. బళ్లు ఎన్ని వచ్చినా పచ్చిగడ్డికి, పాల కేంద్రానికి, మడికి నీళ్లు కట్టడానికి సైకిల్ మీద పోయేవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. మోటారుబండి నడపని పెద్దవాళ్లకైతే సైకిల్ ఆగిందంటే పొలం పోవడం ఆగినట్టే.

మా నాన్నకి 67 ఏళ్లు. ఈ మధ్య కుడి మోకాలు నొప్పి మొదలైంది. నొప్పి బిళ్లలతో కొన్నాళ్లు నెట్టుకొచ్చాడు. ఆ బిళ్లలు నెలల తరబడి మింగితే కడుపుకీ కిడ్నీలకీ చేటు. చివరికి "సైకిల్ తొక్కలేను, గడ్డి తేలేను, గేదెని అమ్మేద్దాంరా" అన్నాడు. అందరూ వయసు అన్నారు. మా అమ్మ మాత్రం ఒక్క ప్రశ్న వేసింది: "రెండు మోకాళ్లదీ ఒకటే వయసు కదా, మరి ఒక్కటే ఎందుకు నొస్తుంది?"

ఆ మాట మీదే సైకిల్‌ని స్టాండ్ వేసి, వెనకాల కూర్చుని పెడల్ తిప్పి చూశాను. ఎడమ పెడల్ నిలకడగా తిరుగుతోంది. కుడి పెడల్ ఒక్కో చుట్టులో ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి ఒరుగుతోంది. ఎండాకాలంలో గడ్డిమోపుతో కాలవ గట్టు మీద పడ్డప్పుడు పెడల్ ఇరుసు వంగింది. సైకిల్ నడుస్తోంది కాబట్టి ఎవరం పట్టించుకోలేదు.

ఇంత చిన్న వంకరకి మోకాలు నొస్తుందా అంటే, లెక్క వేసి చూడండి. మోకాలు తలుపు బందు లాంటిది. ముందుకీ వెనక్కీ మడవడమే దాని ప్రధానమైన పని, పక్కలకి మెలితిప్పితే ఎక్కువ ఓర్చుకోలేదు. పైన తుంటి సీటు మీద ఆగి ఉంటుంది, కింద పాదం పెడల్ మీద ఆగి ఉంటుంది. ఆ రెండిటి మధ్య తేడా వస్తే భరించేది మోకాలే. ముందు పళ్ల చక్రానికి 44, వెనక ఫ్రీవీల్‌కి 18 పళ్లుంటే, 28 అంగుళాల చక్రం ఉన్న సైకిల్ ఒక్క తొక్కుడు చుట్టుకి దాదాపు అయిదున్నర మీటర్లు పోతుంది. అంటే మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న పొలానికి పోయి రావడానికి ఒక్కో మోకాలు సుమారు 1,100 సార్లు మడిచి చాచాలి. అన్నిసార్లూ కొంచెం కొంచెం మెలి పడుతుంటే సాయంత్రానికి నొప్పి రాకుండా ఎలా ఉంటుంది?

అందుకని ఇంట్లోనే చూసుకోగలిగినవి వరసగా రాస్తున్నాను.

పెడల్: వెనక నుంచి చూస్తూ తిప్పండి. ఊగితే ఇరుసు గానీ క్రాంకు గానీ వంగినట్టు. కొత్త పెడల్ బిగించేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి, ఎడమ పెడల్‌కి మర ఎదురు తిరుగుతుంది. పెడల్ ఇరుసుకి పైన స్పానర్ పెట్టి ముందు చక్రం వైపు తిప్పితే రెండూ బిగుస్తాయి. బలవంతంగా ఎక్కిస్తే మర చెడి పెడల్ వంకరగా కూర్చుంటుంది.

కాటర్ పిన్ను: పాత రకం సైకిళ్లలో క్రాంకుని నడిమి ఇరుసుకి పట్టి ఉంచేది ఇదే. ఇది అరిగితే ప్రతి తొక్కుకీ "టక్" మని క్రాంకు కాస్త జారుతుంది. క్రాంకులు రెండూ అడ్డంగా పెట్టి చూస్తే ఒకే గీతలో ఉండాలి, ఒక పిన్ను నట్టు పైకి, రెండోది కిందికి ఉండాలి. రెండూ ఒకవైపే ఉంటే తప్పుగా బిగించినట్టు.

సీటు ఎత్తు: గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. పెడల్‌ని బాగా కిందికి తెచ్చి దాని మీద మడమ ఆనించండి. అప్పుడు కాలు నిటారుగా రావాలి. తొక్కేటప్పుడు మడమతో కాకుండా పాదం ముందు భాగంతో తొక్కుతాం కాబట్టి మోకాలు కొద్దిగా మడత మీద ఉంటుంది. అదే సరైన ఎత్తు. సీటు బాగా కిందికి ఉంటే మోకాలు ఎక్కువ మడిచి తొక్కాల్సి వచ్చి, చాలామందికి చిప్ప దగ్గర నొప్పి వస్తుంది. మరీ పైకి ఉంటే మోకాలి వెనక లాగుతుంది, నడుం అటూ ఇటూ ఊగుతుంది.

క్రాంకు పొడవు: మన పెద్ద సైకిళ్లకి క్రాంకు సుమారు 170 మిల్లీమీటర్లు ఉంటుంది. పొట్టి మనిషికి అది పొడవే, పెడల్ పైకి వచ్చినప్పుడు మోకాలు బాగా మడవాలి. పొట్టి క్రాంకులు కూడా ఉంటాయి, కానీ మీ సైకిల్ ఇరుసుకి సరిపోతాయో లేదో మెకానిక్‌కి చూపించే కొనండి. క్రాంకు ఎంత తగ్గిస్తే సీటు అంత పైకి లేపాలి.

ఫ్రీవీల్: వెనక 18 బదులు 22 పళ్లది వేస్తే వేగం తగ్గుతుంది గానీ తొక్కడం తేలిక. బరువు మోసేవాళ్లకి ఇది మంచిది.

సీటు పైకి లేపుదామంటే మా నాన్న ఒప్పుకోలేదు. "మోపుతో ఉన్నప్పుడు కాలు కింద ఆనకపోతే పడిపోనూ?" అన్నాడు. ఆయన మాటా నిజమే. మన సీట్లు కిందికి ఉండేది తెలియక కాదు, బరువుతో ఆగాలి కాబట్టి. అందుకని వారానికి అరంగుళం చొప్పున రెండుసార్లే లేపాం. మడమ లెక్కకి ఇంకా కొంచెం తక్కువే, కానీ ఆగినప్పుడు మునివేళ్లు నేలకి ఆనుతున్నాయి. సీటు గొట్టం మీద గీత ఉంటే అది దాటి పైకి లాగకండి. గట్టు ఎక్కేచోట మోపుతో తొక్కకుండా దిగి నడిపిస్తున్నాడు.

పెడల్ జత మార్చాం, కాటర్ పిన్నులు కొత్తవి వేయించాం. నెలయ్యేసరికి నొప్పి బాగా తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను, మెట్లు దిగేటప్పుడు ఇంకా ఉంది. గేదె మాత్రం కొట్టంలోనే ఉంది.

ఒక్క జాగ్రత్త. మోకాలు వాచినా, వేడిగా ఉన్నా, మడత మీద పట్టేసినా, రాత్రి పడుకున్నా నొప్పి ఆగకపోయినా సైకిల్ రిపేరుతో సరిపెట్టుకోకుండా ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వాపుతో పాటు జ్వరం ఉంటే ఆ రోజే వెళ్లాలి. నిజంగా గుజ్జు అరిగినవాళ్లకి కూడా, కుదురుగా ఉన్న సైకిల్ మీద తేలిగ్గా తొక్కడం మంచిదనే చాలామంది డాక్టర్లు చెబుతారు.

నాగలి మేడి మన ఎత్తుకి చూసుకుని పెట్టించుకున్నాం. పార కర్ర పొడవు చూసుకుని వేయించుకుంటాం. రోజూ ఎక్కే సైకిల్‌కి కూడా అంతే. ఇంట్లో పెద్దాయన సైకిల్ ఉంటే, రేపు ఆయన గడ్డికి బయల్దేరే ముందు ఒక్కసారి వెనక కూర్చుని పెడల్ తిప్పి చూడండి.