కెప్టెన్ చెప్పాడు, లూసీ టైపు కొట్టింది

పరిశోధన కోసం లండన్‌లో ఉన్నప్పుడు ఒక చిన్న హాల్లో 'ది ఘోస్ట్ అండ్ మిసెస్ మ్యూర్' మళ్ళీ చూశాను. జోసఫ్ మాంకీవిచ్ 1947లో తీసిన సినిమా. ఆయన పేరెత్తితే అందరికీ 'ఆల్ ఎబౌట్ ఈవ్' గుర్తొస్తుంది. దీన్ని తలుచుకునేవాళ్ళు తక్కువ. తలుచుకున్నా దయ్యంతో ప్రేమకథ అని తేల్చేస్తారు. చదువుకునే రోజుల్లో నేనూ అలాగే చూశాను.

ఈసారి ఒక రచయిత్రి కథ కనిపించింది. లూసీ (జీన్ టియర్నీ) భర్త పోయిన మనిషి. అత్త, ఆడపడుచుల మాట కాదని కూతురితో సముద్రం ఒడ్డున ఇల్లు అద్దెకు తీసుకుంటుంది. చేతిలో డబ్బు లేని వేళ, ఆ ఇంట్లో దయ్యమై తిరిగే కెప్టెన్ తన జీవితకథ చెబుతాడు, ఆమె టైపు కొడుతుంది. ఒక బూతుమాట దగ్గర ఆగిపోతుంది. వాదించి, చివరికి కొడుతుంది. ఆ మాట మనకు వినిపించదు, నాలుగు అక్షరాల టకటకలే. హాల్లో గట్టిగా నవ్వింది ఆడవాళ్ళమే.

తర్వాత ఆమెను వదిలి వెళ్ళిపోతూ, నిద్రలో ఉన్న ఆమెతో కెప్టెన్ అంటాడు: ఇదంతా కల, పుస్తకం రాసింది నువ్వే. రచన ఆమెకే ఇచ్చాడు, సరే. ఆమె జ్ఞాపకాన్ని తుడిచేసే హక్కు ఎక్కడిది?

1945 నాటి మూల నవల మీద రచయిత పేరు ఆర్. ఎ. డిక్. అసలు ఆవిడ జోసఫీన్ లెస్లీ. (మన దగ్గర 1960, 70లలో నవలల గిరాకీ చూసి మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకున్నారు!) సినిమా టైటిల్స్‌లోనూ డిక్ అనే పడింది.