మెదక్‌కా, డోర్నకల్‌కా?



సంఘకాపరి ఇంట్లో సెలవు అనే మాట అరుదుగా వినబడుతుంది. ఆదివారం ఆరాధన, వారం మధ్యలో కూటాలు, ఈలోగా ఎవరింట్లోనో పెండ్లి, ఎవరింట్లోనో సమాధి కార్యక్రమం. అలాంటిది గత ఫిబ్రవరిలో ఒక్క రోజు ఖాళీ దొరికింది. చేతిలో ఉన్న డబ్బు ఒక్క ప్రయాణానికి సరిపోతుంది. మెదక్ వెళ్ళాలా, డోర్నకల్ వెళ్ళాలా అని నాగారంలోని మా యింట్లో వారం రోజులు చర్చ జరిగింది.

పిల్లలిద్దరూ మెదక్ అన్నారు. 2024 డిసెంబరులో ఆ దేవాలయానికి నూరేళ్ళు నిండినప్పుడు టీవీలో చూశారు, అప్పటినుండి అదే పాట. నా మనసు కూడా మొదట అటే మొగ్గింది. మనకు 100 కిలోమీటర్ల దూరం. జూబ్లీ బస్‌స్టేషనులో పొద్దున్నే బస్సెక్కితే చీకటి పడేలోగా ఇల్లు చేరవచ్చు.

డిప్లొమా చదివే రోజుల్లో నేను మెదక్ చూశాను. ఆ గోపురం 175 అడుగుల ఎత్తు. దూరంనుండే కనబడుతుంది, దగ్గరికి వెళ్ళేకొద్దీ మనం చిన్నవాళ్ళమైపోతాము. లోపల ఐదువేలమంది కూర్చోవచ్చు. యేసు ప్రభువు జననం, సిలువ, ఆరోహణం చూపించే మూడు రంగుటద్దాల కిటికీలు ఉన్నాయి. అవి సూర్యుని వెలుగుతోనే వెలుగుతాయి. సాయంత్రం ఆలస్యంగా వెళ్ళినవారికి నల్లని అద్దాలే కనబడతాయి. కాబట్టి వెళ్ళేవారు మధ్యాహ్నంలోగా చేరుకోండి.

అయితే నన్ను ఆకట్టుకున్నది అద్దాలు కావు, కట్టిన విధానం. 1914లో పని మొదలుపెట్టిన ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు వెస్లియన్ మిషనెరీ. అవి కరువు రోజులు. ఊళ్ళల్లో తిండిలేక అలమటిస్తున్న జనానికి ఆయన ఊరకే ధర్మం చేయలేదు, పని చూపించి తిండిగింజలు ఇచ్చాడు. అలా పది సంవత్సరాలు పని సాగి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఆ గోడలో ఎన్ని కుటుంబాల గంజి ఉందో ఎవరు లెక్కపెట్టగలరు?

ఇంతకీ మా అమ్మ ఏమీ అనలేదు. ఆమెకు డెబ్బై ఐదు దాటాయి, మోకాళ్ళు పట్టేశాయి. ఆ రాత్రి అన్నం తింటూ, “మా నాయనకు డోర్నకల్లులో అజరయ్య అయ్యగారే తలమీద చేతులుంచి కన్ఫర్మేషన్ ఇచ్చారంట. నేనెన్నడూ ఆ గుడి చూడలేదు” అంది. అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నా భార్య పళ్ళెం తీస్తూ, “మెదక్ వచ్చే ఏడైనా పోవచ్చు. అత్తయ్య వచ్చే ఏడు రైలెక్కగలదా చెప్పండి” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. డోర్నకల్ అని తేలిపోయింది. పిల్లలు ముఖం ముడుచుకున్నారు, నిజమే చెప్పాలి.

డోర్నకల్ 200 కిలోమీటర్లకు పైనే. తెల్లవారకముందే బయలుదేరాము. వరంగల్, మహబూబాబాద్ దాటాక వస్తుంది. అది జంక్షనే గానీ అన్ని రైళ్ళూ ఆగవు. నాగారం, ఉప్పల్ వైపువారికి చర్లపల్లి స్టేషను దగ్గర. మీ రైలు రెండు చోట్లా ఆగుతుందో లేదో ముందే విచారించుకోండి. ముసలివారు వెంట ఉంటే బస్సుకంటే రైలే మేలు, కాళ్ళు చాపుకోవచ్చు.

గుడి చూడగానే మా చిన్నవాడు, “డాడీ, ఇది మసీదా?” అన్నాడు. అడగవలసిన ప్రశ్నే. పైన గుమ్మటాలు, లోపల మన మండపాల్లో ఉండేలాంటి రాతి స్తంభాలు, తామరపువ్వుల చెక్కడాలు. మెదక్‌లో ఇంగ్లాండు దేశం గుర్తుకొస్తుంది. ఇక్కడ మన ఊరే గుర్తుకొస్తుంది. కట్టించినవారు తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. మన భాష నేర్చుకొని, ఎడ్లబండిమీద పల్లె పల్లె తిరిగారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. తెల్లవారి కింద మనవారు పనిచేయడమే మర్యాద అనుకొనే కాలమది. గుడి పూర్తి కావడానికి ఏళ్ళు పట్టింది. జ్ఞానులు శిశువును దర్శించిన జ్ఞాపకార్థ దినాన, 1939 జనవరి 6న, ప్రతిష్ఠించారు. అందుకే దానికి ఎపిఫనీ కథీడ్రల్ అని పేరు.

అందం మాటకొస్తే మెదక్‌దే పైచేయి అని నేను ఒప్పుకుంటాను. ఒక్క రోజు, చిన్నపిల్లలు, వెంట తెచ్చుకున్న పులిహోర అయితే మెదక్ వెళ్ళండి. ఓపిక ఉన్నవారు కాకతీయుల నాటి కోట కూడా ఎక్కవచ్చు. డోర్నకల్ చిన్న ఊరు. గుడి చూశాక పిల్లలకు కాలక్షేపం కష్టం. మావాళ్ళు ప్లాట్‌ఫారం మీద గూడ్సుబండి డబ్బాలు లెక్కపెట్టుకుంటూ గడిపారు.

అమ్మ మాత్రం లోపల ఒక స్తంభానికి ఆనుకొని చాలాసేపు కూర్చుంది. ప్రార్థన చేసిందో, వాళ్ళ నాయనను తలుచుకుందో నేను అడగలేదు. బయట అజరయ్యగారి సమాధి ఉంది. ఆయన 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించారు. అమ్మ నా చెయ్యి పట్టుకొని అక్కడిదాకా నడిచింది. చెప్పులు విడిచి, సమాధి రాయిని అరచేత్తో తడిమింది. “ఈ చేతులేనంట నాయనా” అంది.

తిరుగు రైలులో పిల్లలు నిద్రపోయారు. భువనగిరి దాటాక అమ్మ కొంగు సర్దుకొని నా వైపు తిరిగింది.

“మెదక్‌కు కూడా ఇప్పుడు రైలు పోతుందంట కదా?”