మహోగనీ అల్మారా

కిందటేడు మా బిడ్డ దగ్గర కొన్నాళ్లుందామని ఇంగ్లండు వెళ్లాను. ఒక ఆదివారం పాత సామాన్ల దుకాణానికి తీసుకెళ్లింది. అక్కడ గోడకానుకుని అమ్మకానికి పెట్టిన మహోగనీ అల్మారా. రెండు తలుపులు, మధ్యలో నిలువుటద్దం, కింద పెద్ద సొరుగు. ‘విక్టోరియా కాలం’ అని చీటీ. కీమత్ చూసి హైరాన్ అయ్యాను. మా అమ్మాయి కొత్త బోర్డు అల్మారాకి పెట్టినంత కూడా లేదు!

ఇప్పటి ఇళ్లు చిన్నవి, ఇంత బరువు మెట్లెక్కించలేరు, అందుకే గిరాకీ లేదన్నాడు దుకాణదారు. సొరుగు లాగి మూల చూపించాడు. రెండు పలకల పళ్లు ఒకదాన్లో ఒకటి పట్టుకుని ఉన్నాయి. అన్నీ ఒకే కొలతలో లేవు. చేత్తో కోసిన పని అది.

తలుపు మీద చెయ్యి పెట్టాను. ఆ చమక్ నాకు తెలుసు. లక్క పాలిష్. మన చెట్ల కొమ్మల మీద పురుగులు కట్టిన లక్కే 19వ శతాబ్దంలో ఓడలెక్కి వచ్చి, స్పిరిట్‌లో కరిగి, ఇక్కడి అల్మారాల మీద మెరిసింది. లక్డీ కూడా ఇక్కడిది కాదు. జమైకా, హోండురాస్ అడవుల నుంచి వచ్చేది. 1721లో వలసల కలప మీద సుంకం తీసేశాక ఆ వ్యాపారం బాగా పెరిగింది. నరికే గొడ్డలి మాత్రం ఆఫ్రికా నుంచి తెచ్చిన గులాముల చేతుల్లో ఉండేది.

మా అబ్బాజాన్ వరంగల్‌లో పాలిష్ పని చేసేవారు. దూదిని మల్మల్ గుడ్డలో మూటకట్టి, లక్కలో ముంచి, గుండ్రంగా రుద్దేవారు. ఆరాక మళ్లీ పూత, ఆ మీద మళ్లీ. పెద్దవాళ్ల అల్మారాలు అద్దాల్లా మెరిసేవి. మా ఇంట్లో మాత్రం రేకు సందూక్. ఆయన గోళ్లలో మరక ఈద్ రోజు కూడా పోయేది కాదు. బడికొస్తే షరమ్‌తో గోడచాటుకు పోయేవాణ్ని. బిడ్డ నిఖా మాటలప్పుడు సమధీలు అడిగితే ‘ఫర్నిచర్ కారోబార్’ అన్నాను.

“ఏంటబ్బా, అట్లా రుద్దుతున్నావ్?” అంది బిడ్డ.

“మీ దాదా చేసిన పని ఇదే బేటా.”

“మనకు దుకాణం ఉండేదన్నావుగా?”

“లేదు. పరాయి ఇళ్లకు పోయి పాలిష్ చేసేవారు.”

“మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?”

నా దగ్గర జవాబు లేదు. చీటీ వైపు చూశాను. కాలం ఉంది, కలప పేరుంది, కీమత్ ఉంది. నరికినవాడు, చేసినవాడు, రుద్దినవాడు లేరు. మా ఖాందాన్ చీటీ మీద అబ్బాజాన్ పేరు కొట్టేసింది నేనే.

అల్మారా కొనలేదు. వాళ్ల మెట్లు ఇరుకు.

ఆ సాయంత్రం బిడ్డ ఫోన్లో వాళ్ల అత్తమ్మతో చెబుతోంది: “మా దాదా పాలిష్ కారీగర్ అంట అమ్మీ, ఇవాళే తెలిసింది.” నేను చాయ్ కప్పు పట్టుకుని, తల వంచుకుని విన్నాను. ఈసారి గోడచాటుకు పోలేదు.