తాలిపేరుపై ఒక పడవ ప్రయాణానికి ముందు

నేను మెట్ట ప్రాంతంలో పుట్టాను. మా ఊరి చెరువు రెండేళ్ళకొకసారి నిండేది. నదిని చూడాలంటే పుష్కరాల దాకా ఆగవలసిందే. అందువల్లనేమో, నీటి మీద ప్రయాణమంటే నాకు చిన్ననాటి నుంచి తీరని ముచ్చట ఒకటి ఉండిపోయింది. చరిత్ర చదువుకునే రోజుల్లో ఆ ముచ్చట పుస్తకాలతో తీర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన తరువాత దస్త్రాల మధ్య అది మరుగున పడింది. గత ఏడాది వర్షాకాలం చివర, హైదరాబాదులో ఉంటున్న మా మేనల్లుడు ఒకనాడు ఫోను చేసి, “మామయ్యా! నువ్వు ఉద్యోగరీత్యా ఉసూర్ వైపు తిరుగుతుంటావు గదా, అక్కడ జనసంచారం లేని నిశ్శబ్దమైన ఏరు ఒకటి చూపించు. నా దగ్గర ఇద్దరు కూర్చునే కయాక్ ఉంది. ఒక పూట హాయిగా నీటివాలున సాగిపోదాం” అన్నాడు. ఆ మాటతో నా పాత కోరిక మళ్ళీ తల ఎత్తింది.

కయాక్ అనే ఈ పడవ మూలాలు మనవి కావు. ఉత్తర ధ్రువప్రాంతపు వేటగాళ్ళు కర్రతోనో, ఎముకతోనో చట్రం కట్టి, దానిపై సీలు చర్మం బిగించి ఈ పడవను రూపొందించుకున్నారు. వారికది వినోదసాధనం కాదు, పొట్టకూటి సాధనం. మన ఏజెన్సీ ప్రాంతాల దోనె కూడా అటువంటిదే. ఒకే చెట్టు మొద్దును తొలిచి చేసే ఈ దోనె మానవుడు ఎరిగిన పడవలలో అతి ప్రాచీనమైనది. నెదర్లాండ్స్‌లోని పెస్సే వద్ద దొరికిన అటువంటి దోనె వయస్సు సుమారు పదివేల ఏళ్ళని నిర్ధారించారు. చర్మం పోయి ప్లాస్టిక్ వచ్చింది, వేట పోయి విహారం వచ్చింది. తెడ్డు మాత్రం తెడ్డుగానే మిగిలింది.

ఉసూర్ ఈనాడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో, 2007లో ఏర్పడిన బీజాపూర్ జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. ఒకప్పటి విశాల బస్తర్ జిల్లాలోని దక్షిణపు అంచు ఇది. సంతలో నిలబడితే దోర్లా, గోండీ, హల్బీ, హిందీ, వాటి మధ్య మన తెలుగు, అన్నీ ఒకే బేరంలో వినబడతాయి. దోర్లల మాటలో తెలుగు పలుకుబడి ఎంతగా కలిసిపోయిందంటే, మొదటిసారి విన్నప్పుడు దూరపు బంధువు గొంతు గుర్తుపట్టినట్లు అనిపించింది. మనకు ‘ఏరు’ అంటే నది. ఇక్కడి కోయమాటలో ‘ఏర్’ అంటే నీరు. నీటికీ నదికీ ఒకే మాట సరిపోయిన కాలం ఆ రెండు పలుకుల వెనుక ఉంది.

ఈ తాలూకాలో బాసగూడ పక్కగా ప్రవహించే తాలిపేరును నేను ఎన్నుకున్నాను. బస్తర్ కొండల నీటిని పోగుచేసుకొని అడవుల గుండా దిగివచ్చే ఈ ఏరు, తెలంగాణలోని చర్ల మండలంలో ప్రవేశించి గోదావరిలో కలుస్తుంది. చర్ల వద్ద దీనిపై 25 గేట్లతో మధ్యతరహా ప్రాజెక్టు ఉంది. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో వాన కురిస్తే చర్లలో గేట్లు లేస్తాయి. ఎగువ రాష్ట్రంలోని ఆకాశాన్ని దిగువ రాష్ట్రంలోని రైతు ఇలా కనిపెట్టుకొని ఉంటాడు.

చరిత్ర విద్యార్థికి ఈ నీటిదారులు కొత్తవి కావు. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇటువైపు వచ్చి బస్తర్ రాజ్యాన్ని స్థాపించాడని ఆ రాజవంశపు సంప్రదాయం చెబుతుంది. 1795లో నాగపూర్ సీమ మీదుగా కోస్తాకు దారి వెదుకుతూ వచ్చిన కెప్టెన్ బ్లంట్‌కు భోపాలపట్నం ప్రాంతంలో గోండుల ప్రతిఘటన ఎదురై, బస్తర్ గుండా పోవాలన్న ఆలోచన మానుకోవలసి వచ్చింది. 1859లో హైదరాబాదు నుంచి వచ్చిన కలప గుత్తేదారులు చెట్లు కొట్టడాన్ని సహించలేక ఈ దక్షిణ బస్తర్ జమీందారీలలోని దోర్లలు, కోయలు తిరగబడ్డారు. ఇక ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ గోదావరిని వార్ధా దాకా నౌకాయానానికి తెరవాలని కలగన్నాడు. దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి వద్ద నదికి అడ్డుపడే రాతి మెట్టలను దాటించడానికి ఏళ్ళ తరబడి పనులు సాగాయి. మధ్యపరగణాల పత్తిని తీరానికి చేర్చడం ఆనాటి లక్ష్యం. ఖర్చు పెరిగింది, రైలు వచ్చింది, 1871లో పనులు ఆపివేశారు. అంత పెద్ద ప్రణాళికలు తలకిందులైన నీటిసీమలో ఒక పూట విహారానికి ప్రణాళిక వేయబూనడం నాకే కొంత నవ్వు తెప్పించింది.

అయినా పద్ధతిగానే మొదలుపెట్టాను. ఉపగ్రహ చిత్రాన్ని పెద్దదిగా అచ్చు తీయించి బల్లపై పరిచాను. పన్నెండు కిలోమీటర్ల పొడవు ఎంచుకున్నాను. ఏటి వడి కొలిచే తేలిక ఉపాయం ఒకటుంది. ఎండుటాకును నీటిలో విడిచి, అది ఇరవై మీటర్లు పోవడానికి ఎంతసేపు పట్టిందో చూడాలి. నలభై క్షణాలు పడితే వడి గంటకు రెండు కిలోమీటర్ల లోపే. మెల్లగా తెడ్డు వేసినా గంటకు మూడు, నాలుగు కిలోమీటర్లు సాగవచ్చు. అంటే పన్నెండు కిలోమీటర్లకు, మధ్యలో విశ్రాంతితో కలిపి, అయిదు గంటలు. ఎవరి ఒంటి కొలతకు తగిన లైఫ్ జాకెట్ వారికి ఉండాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలో 77 మందితో పోతున్న విహార పడవ మునిగిపోయిన దుర్ఘటన తరువాత, నెమ్మదైన నీరు అన్న మాటను నేను తేలికగా తీసుకోలేను. దిగే చోటుగా ఒక విశాలమైన చదునును, ఒడ్డుకు చేరే చోటుగా దిగువన ఒక ఊరి రేవును ఎర్రసిరాతో గుర్తుపెట్టాను. ఆ కాగితం చూసుకొని నాకు కొంత గర్వం కూడా కలిగింది.

అక్టోబరులో పనిమీద ఉసూర్ వెళ్ళినప్పుడు, ఏటి ఒడ్డు ఊరిలో ఒక దోర్ల వృద్ధుణ్ణి పరిచయం చేశారు. ఏటిని ఆయనకన్నా ఎరిగినవారు లేరన్నారు. నేను కాగితం విప్పి, “తాతా! ఇక్కడ ఎక్కి, ఇక్కడ దిగుతాం. దారిలో సుడులు, బండలు ఏమైనా ఉన్నాయా?” అని అడిగాను.

ఆయన కాగితం వైపు చూడలేదు. “ఏ పని మీద పోతరు సారూ?” అన్నాడు.

“పనేమీ లేదు. ఊరికే.”

“ఊరికేనా?” అని ఆయన కాసేపు ఊరుకున్నాడు. తరువాత నెమ్మదిగా, “ఏట్ల ఊరికే పోయినోళ్ళను నేను సూడలే. మేం పోయినం ఒకపారి. రాత్రి పూట” అన్నాడు.

అది 2006 నాటి మాట. అంతకు ముందు ఏడాది సల్వాజుడుం మొదలై, ఒకవైపు అది, మరొకవైపు మావోయిస్టులు, నడుమ ఊళ్ళు నలిగిపోయిన కాలం. మహువా పువ్వుకు, చింతపండుకు పేరుపొందిన బాసగూడ సంత చితికిపోయింది. ఎన్నో కుటుంబాలు అడవిదారిన చర్ల వైపు తరలిపోయాయి. ఈయన భార్యను, ఇద్దరు పిల్లలను దోనెలో ఎక్కించి, అలికిడి కాకుండా తెడ్డు బదులు చేతులతో నీరు తోసుకుంటూ ఏరు దాటించాడట. కోళ్ళు అరుస్తాయని వదిలేశారట. చర్ల పక్క అడవిలో పాక వేసుకొని మిరపతోటల్లో కూలికి పోయారు. 2011లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆ తరువాత కూడా చాలా కాలానికి గాని ఆయన తిరిగి రాలేదు. పిల్లలు రానేలేదు. వారికి అక్కడే పెళ్ళిళ్ళయ్యాయి.

నేను తలవంచుకొని కాగితం మడవబోయాను. మా మేనల్లుడు అడిగినది ‘నిశ్శబ్దమైన ఏరు’. ఈ ఏటి నిశ్శబ్దం ఎక్కడిదో నేను విచారించలేదు. పటంలో ఇళ్ళు కనిపించని చోటల్లా ప్రకృతి అనుకున్నాను. అక్కడ ఇళ్ళుండేవని పటం చెప్పదు. చరిత్ర చదివిన నాకైనా తోచి ఉండవలసింది.

ఆయన నా చెయ్యి పట్టి ఆపాడు. “ఆ కాయితం ఇటు తే” అన్నాడు. చదువురాని ఆ మనిషికి నేను ఒక్కొక్క వంపునూ చెబుతూ పోగా, ఆయన నా ప్రణాళికను ఆసాంతం దిద్దాడు. నేను దిగే చోటుగా గుర్తుపెట్టిన విశాలమైన చదును, చనిపోయిన పెద్దలకు నిలిపిన రాళ్ళున్న చోటు. అక్కడ పడవ దించరాదు. ఒడ్డుకు చేరదలచిన రేవులో పొద్దుటిపూట ఆడవాళ్ళు స్నానాలు చేస్తారు, నీళ్ళు ముంచుకుంటారు. పొద్దెక్కిన తరువాతే అక్కడికి చేరాలి. మధ్యలో రెండు చోట్ల వెదురు తడికలతో చేపలకు అడ్డుకట్టలు కట్టి ఉంటాయి. అక్కడ పడవ మోసుకొని ఒడ్డు వెంట నడవాలి గాని, తడిక తొలగించరాదు. అలా ఒడ్డు ఎక్కినప్పుడు కూడా నలిగిన బాటను వదలరాదు. ఎవరో ఏనాడో పాతిపెట్టిన మందుపాతర ఎక్కడ ఉన్నదో ఎవరికీ తెలియదు. 2025 వేసవిలో కర్రెగుట్టలపై జరిగిన భారీ భద్రతా చర్య తరువాత రాకపోకలు పెరిగినా, అడవిబాటల భయం ఇంకా పోలేదు.

చివరగా ఆయన, “ఏరెట్లుందని అడిగినవ్ గాని, నిన్న కొండల వాన పడ్డదా అని అడగలే” అన్నాడు. ఈ ఒక్క మాట విలువ నాకు పది రోజుల్లోనే తెలిసివచ్చింది. కార్తీకంలో వాయుగుండం వచ్చింది. మేము బయలుదేరుదామనుకున్న తెల్లవారు ఉసూర్‌లో ఎండ కాస్తూనే ఉంది. ఎగువన కురిసిన వానకు ఏరు మాత్రం ఎర్రగా, చెట్ల కొమ్మలను మోసుకుంటూ పారింది. ప్రయాణం మాని ఒడ్డున నిలబడి చూశాము. మా మేనల్లుడు చాలాసేపు మాట్లాడలేదు.

షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకు తమ ఊరి వనరులపై హక్కు కల్పిస్తూ 1996లో పెసా చట్టం వచ్చింది. ఛత్తీస్‌గఢ్ తన నియమావళిని 2022లో ప్రకటించింది. ఈ సంగతులను నేను ఎన్నో దస్త్రాలలో రాశాను. అయినా ఒక పూట పడవ వేసుకునేందుకు ఊరిని అడగాలని నాకు ముందుగా తట్టలేదు. చట్టం దస్త్రంలో ఉండడం వేరు, మన నడతలో ఉండడం వేరు. రెండవసారి వెళ్ళినప్పుడు ఊరి పెద్దలందరి ముందు మా కోరిక చెప్పుకున్నాము. వారు కొంత నవ్వుకున్నారు, కొంత చర్చించుకున్నారు, ఒప్పుకున్నారు.

ఇప్పుడు మా ప్రణాళిక పన్నెండు కిలోమీటర్లు కాదు, నాలుగు. సంక్రాంతి దాటిన తరువాత, నీరు తేటపడి, ఇసుకతిన్నెలు బయటపడిన రోజుల్లో బయలుదేరాలి. ముందు మూడు రోజులు ఎగువన వాన లేదని రూఢి చేసుకోవాలి. కయాక్‌లో ముందు స్థానం ఆ వృద్ధునిది. ఈ కోరిక ఆయనే అడిగాడు. ఆనాటి రాత్రి ఏ ఒడ్డు నుంచి ఏ ఒడ్డుకు దాటించాడో చీకటిలో తనకు తెలియలేదట. పగటిపూట ఒకసారి చూసుకోవాలట. వీలైతే చర్ల నుంచి చిన్నకొడుకును కూడా రమ్మని కబురు పెట్టాడు. కొడుకు వస్తానని గాని, రానని గాని ఇంతవరకు చెప్పలేదు.

ఎర్రసిరా గుర్తులున్న ఆ పాత కాగితం నా దస్త్రాల మధ్యనే ఉంది. కొత్త కాగితంపై గుర్తులు పెన్సిలుతో పెట్టాను. ఏరు మారుతుంది, చెరిపి రాసుకోవలసి వస్తుంది. లైఫ్ జాకెట్లు మూడు సిద్ధం చేశాను. నాలుగవది కూడా ఒకటి కొన్నాను, ఆ కొడుకు వస్తే పనికివస్తుందని.