ఏం పని చేస్తవని అడిగిందెవ్వలు?

కరీంనగర్ టాన్‌బ్రౌన్ గ్రానైట్ అందం మీద, ఎగుమతుల మీద నాలుగు పేజీలు కావాలని మా ఎడిటరు గారు పంపారు. ఊరి శివారు కటింగ్ ఫ్యాక్టరీలో మేనేజరు చైనాకు పోయే బ్లాకుల లెక్కలు హుషారుగా చెప్తూనే ఉన్నాడు. నేను మాత్రం పలకల అంచులు నునుపు చేస్తున్న ఒక పెద్దాయన దగ్గర ఆగిపోయాను.

పెద్ద రంపాల మీద నీళ్లు ధారగా పడతాయి, అక్కడ దుమ్ము లేవదు. ఈయన చేతిలోని గ్రైండరుకు ఆ నీళ్లు లేవు. తెల్లటి పొడి మనిషిని కమ్మేస్తోంది, మూతికి రుమాలు. కంటికి కనిపించని సన్నటి సిలికా ఆ రుమాలు దాటి ఊపిరితిత్తుల అడుక్కి చేరి మచ్చలు కట్టిస్తుంది. సిలికోసిస్. పని మానేసినా ముదురుతూనే ఉండొచ్చు.

మిషను ఆపాక వేళ్లు చూశాను. కణుపులు ఉబ్బి పిడికిలి మూసుకోవడం లేదు. అయినా వేలికొసతో అంచు తడిమి గరుకు ఎక్కడుందో చెప్పేస్తాడు.

"దమ్మొస్తదంటె టీబీ గోలీలిచ్చిన్రు సారు. రెండుసార్ల కోర్సయింది. కీళ్లకు ఇంకో డాక్టరు మందులు రాసిండు. ఏం పని చేస్తవని ఇయ్యాలటిదాంక ఎవ్వలడుగలే."

నాకు మండింది అక్కడే. సిలికా పట్టిన ఊపిరితిత్తుల్లో టీబీ తేలిగ్గా పాగా వేస్తుంది కనుక ఆ గోలీలు తప్పని అనను. కానీ కీళ్లవాతం, మూత్రపిండాల జబ్బు, ఊపిరితిత్తుల క్యాన్సర్, చివరకు గుండె కుడివైపు నీరసించడం, ఇవన్నీ ఆ దుమ్ము వెంట వచ్చే అవకాశం ఉన్నవే. కీళ్లవాతం ఉన్న వేల్స్ బొగ్గుగని కార్మికుల ఎక్స్‌రేల్లో ప్రత్యేకమైన గడ్డలున్నాయని 1953లోనే కాప్లాన్ అనే వైద్యుడు రాశాడు. మనకు ఒక్కో జబ్బుకు ఒక్కో చీటీ. కలిపి చదివేదెవరు? గోదావరిఖనిలో సింగరేణి పర్మినెంటు కార్మికుడికి కంపెనీ దవాఖానా అయినా ఉంది. ఈ పెద్దాయనకు హాజరు చీటీ కూడా లేదట. రేపు పరిహారం అడగాలంటే ఈ ఫ్యాక్టరీలో పనిచేశానని ఏం చూపిస్తాడు?

2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో సిలికోసిస్ ఉండేది. అనుమానం వచ్చిన డాక్టరు ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టరుకు రాసి తెలపాలని దాని 89వ సెక్షను చెప్పేది. పని ఏమిటో అడగని డాక్టరుకు అనుమానం ఎట్లా వస్తుంది?

"బీడీలు తాగుతరు సార్, దమ్ము రాకేం చేస్తది?" అన్నాడు మేనేజరు. పెద్దాయన బీడీ ముట్టడు. ముట్టేవాళ్లకు పొగ, దుమ్ము కలిసి ఇంకా చేటే. అయితే గ్రైండరుకు నీళ్ల గొట్టం పెట్టించడానికి బీడీ ఎక్కడ అడ్డొచ్చిందో మేనేజరు చెప్పలేదు.