భోషాణము మూత

శాంటాక్రూజ్ కొండల పాదమున నున్న లాస్ గాటోస్ పట్టణమున, 1987లో ఫ్రాన్సీన్ షపీరో ఉద్యానవనములో నడచుచు, తన్ను వేధించు తలపులు కన్నులు వడిగా ఇటునటు కదలిన పిదప వాడి తగ్గుట గమనించెనని చదివియుండుటచే, సాన్‌హోజేలోని మా అమ్మాయి యింటికి పోయినపుడు ఆ ఊరు చూడక మరలి రాలేకపోయితిని. ఆ గమనికయే ఈఎండీఆర్ అను చికిత్సగా పెరిగి, 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకములలో చోటు సంపాదించినది.

అచ్చట ఆ చికిత్స జరుగు గది నాకు చూపిన చికిత్సకురాలు తెనాలి ఆడపడుచు. బాధితులుండగా పరులకు ప్రవేశము లేదు. ఆ కట్టుబాటు నాకెంతో నచ్చినది. కావున ఖాళీ వేళ నన్నే కూర్చుండబెట్టినది. రెండు కుర్చీలును సూటిగా ఎదురెదురుగా కాక, కాలువలో ఒకదాని నొకటి దాటిపోవు పడవలవలె కొంచెము పెడగా నుండెను.

నేను 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన మాట యెత్తితిని. పదేండ్ల నా చేతినుండి మేనత్త చేయి జారిన రాత్రి యది.

“వద్దు బాబాయిగారూ. దానికి మిమ్మల్ని సిద్ధం చెయ్యడానికే కొన్ని వారాలు పడుతుంది. ఎల్లుండి విమానమెక్కే మనిషి చేత దాన్ని తెరిపించకూడదు. చిన్నది చెప్పండి.”

2016 కృష్ణా పుష్కరములలో మనుమడు పది నిమిషములు తప్పిపోయిన సంగతి చెప్పితిని. సున్న మొదలు పదివరకు బాధ యెంతయని యడిగినది. ఆరు. ఆగవలెనన్న చేయి యెత్తుమని చెప్పి, నా ముఖమునకు మూరెడు దూరమున రెండు వ్రేళ్లు నిలిపి, ఇటునుండి అటు నడిపించుచుండగా, తల కదపక కన్నులతో వెంబడించితిని. సుమారు 24 మారులు.

“ఊపిరి తీసుకోండి. ఇప్పుడేమొస్తోంది?”

ఇంతే యడుగును, కథయంతయు చెప్పుమని బలవంతపెట్టదు. చెప్పుకొనలేని దుఃఖము గలవారికి ఇంతకుమించిన దయ యేమున్నది? మనస్సు ఒక్కసారి మోయగల బరువు పరిమితము గనుక, దృశ్యమును తలచుచు వ్రేళ్లను వెంబడించుటలో దృశ్యము మసకబారునని ఒక వివరణ; అసలు కన్నుల కదలిక అవసరమా యని శంకించు పండితులును కలరు.

మూడవ ఆవృత్తిలో జనసమ్మర్దము వెలిసిపోయి, మనుమడి యెఱ్ఱచొక్కా దూరమై, హఠాత్తుగా చల్లని నీరు, మేనత్త గాజులు. చేయి యెత్తితిని. వ్రేళ్లు తక్షణము నిలిచినవి. కాళ్లు నేలకానించుమని, గదిలోని వస్తువులు చెప్పుమని, ఆ మీదట ఆ దృశ్యమును మనస్సులోనే దేనిలోనైన భద్రపరచుమనెను.

నాకు తోచినది మా యింటి టేకు భోషాణము. అదియు ఆ ఉప్పెనలోనే పోయినదంటిని.

“ఫరవాలేదు. మూత గట్టిగా ఉందా?”

“ఉన్నదమ్మా” అంటిని.